కెర్నల్ లోపలా, బయటా: లినక్స్‌లో గ్రాఫిక్స్ కార్డుల చిక్కు ఎక్కడుంది?

లినక్స్ వాడేవారికి గ్రాఫిక్స్ కార్డు వల్ల కలిగే ఇబ్బందులు ఎన్ని రకాలున్నా, వాటిలో ఎక్కువ భాగం ఒకే సందర్భంలో బయటపడతాయి. నిన్నటి వరకు బాగా పనిచేసిన యంత్రంలో మామూలుగా వచ్చే అప్‌డేట్ ఒకటి పూర్తవుతుంది; రీస్టార్ట్ చేస్తే లాగిన్ తెర రాదు. నల్లటి తెర మీద కర్సర్ మిణుకుమంటూ ఉండిపోతుంది. ఒకవేళ తెర వచ్చినా రిజల్యూషన్ పడిపోయి ఉంటుంది, రెండో మానిటర్ జాడ ఉండదు, ల్యాప్‌టాప్ మూత వేసి తీస్తే బొమ్మంతా చెదిరిపోయి కనిపిస్తుంది. అదే యంత్రంలో కీబోర్డు, డిస్కు, నెట్‌వర్కు, సౌండు ఏ గొడవా లేకుండా పనిచేస్తూనే ఉంటాయి కాబట్టి, ఈ ఒక్క భాగానికే ఇంత తంటా ఎందుకన్న విసుగు రావడంలో ఆశ్చర్యం లేదు.

కార్డులు తయారుచేసే కంపెనీలు లినక్స్‌ను పట్టించుకోవన్నది దీనికి తరచూ వినిపించే సమాధానం. అది పూర్తి నిజం కాదు. ఎక్కువ నిందలు మోసే ఎన్విడియా డ్రైవరే ప్రపంచంలోని పెద్ద పెద్ద డేటా సెంటర్లలో, అదీ లినక్స్ మీదే, రాత్రింబగళ్లు నడుస్తోంది. లినక్స్‌తో సఖ్యంగా ఉంటాయని పేరున్న ఏఎండీ, ఇంటెల్ కార్డులు కొన్నవారికీ చిక్కులు తప్పడం లేదు. కార్డును నడిపే డ్రైవర్ కోడ్, లినక్స్‌కు గుండెకాయ లాంటి మూల ప్రోగ్రాం అయిన కెర్నల్ లోపల ఉందా, బయట ఉందా? కంపెనీకి ఆసక్తి తగ్గిన రోజున దాన్ని సరిచేసే వీలు ఇంకెవరికైనా ఉందా? కంపెనీ చూపే శ్రద్ధకన్నా ఈ రెండు ప్రశ్నలకు దొరికే జవాబులే ఒక కార్డు లినక్స్‌లో ఎన్నేళ్లు, ఎలా బతుకుతుందో తేలుస్తున్నాయి.

గ్రాఫిక్స్ డ్రైవర్ అని ఏకవచనంలో అంటున్నా, అది ఒక్క ప్రోగ్రాం కాదు. కార్డులోని మెమరీని పంచిపెట్టడం, పనులను వరుసలో పెట్టడం, మానిటర్‌కు తగిన రిజల్యూషన్‌ను అమర్చడం కెర్నల్‌లోని భాగం చూసుకుంటుంది. దాని పైన, మామూలు ప్రోగ్రాముల స్థాయిలో, బొమ్మలు గీయమని ప్రోగ్రాములు కార్డును అడగడానికి వాడే ఓపెన్‌జీఎల్, వల్కన్ వంటి వ్యవస్థలను అమలుచేసే మరో పెద్ద భాగం ఉంటుంది. ఓపెన్ సోర్స్ డ్రైవర్ల విషయంలో ఆ పాత్ర 1993లో బ్రయన్ పాల్ మొదలుపెట్టిన మెసా ప్రాజెక్టుది. ఆటలు, బొమ్మల ప్రోగ్రాములు పంపే షేడర్లను (రంగులు, ఆకారాలు లెక్కగట్టే చిన్న ప్రోగ్రాములను) కార్డుకు అర్థమయ్యే ఆదేశాలుగా మార్చే పూర్తిస్థాయి కంపైలర్ కూడా ఈ భాగంలోనే ఉంటుంది. ఇవి చాలవన్నట్టు కార్డు లోపల నడిచే ఫర్మ్‌వేర్ వేరు, తెర మీద కిటికీలను పేర్చే పాత ఎక్స్ సర్వర్ లేదా దాని స్థానంలోకి వస్తున్న వేలాండ్ కంపోజిటర్ వేరు. ఇన్నింటికీ వేర్వేరు విడుదల తేదీలు, వేర్వేరు నిర్వాహకులు. వీటిలో ఏ రెండింటికి పొత్తు కుదరకపోయినా చివరికి వాడుకరికి కనిపించేది అదే నల్లటి తెర. ప్రింటర్ డ్రైవర్‌తోనో సౌండు డ్రైవర్‌తోనో దీన్ని పోల్చడం కుదరదు. కెర్నల్‌లో అన్నిటికన్నా పెద్ద డ్రైవర్ అయిన ఏఎండీజీపీయూ కోడ్ లక్షల వరుసల్లో ఉంటుంది, అందులో అధిక భాగం కార్డు రిజిస్టర్లను వివరించే, యంత్రమే తయారుచేసిన ఫైళ్లే అయినా సరే.

చిక్కుకు మూలం కెర్నల్ పాటించే ఒక విధానంలో ఉంది. మామూలు ప్రోగ్రాములు కెర్నల్‌ను పిలిచే పద్ధతి మారకుండా చూడటంలో లినక్స్‌కు ఉన్న పట్టుదల మరే వ్యవస్థకూ తీసిపోదు. పదిహేనేళ్ల కిందట కంపైల్ చేసిన ప్రోగ్రాం కూడా ఇవాళ్టి కెర్నల్ మీద నడవాలన్నది అక్కడ శాసనం లాంటిది. కానీ కెర్నల్ లోపలి భాగాలు ఒకదాన్నొకటి పిలుచుకునే పద్ధతికి అలాంటి హామీ ఏదీ లేదు. అలా ఉండకపోవడమే మంచిదని వాదిస్తూ కెర్నల్ నిర్వాహకుల్లో ఒకరైన గ్రెగ్ క్రోహార్ట్‌మన్ రాసిన పత్రం కెర్నల్ సోర్స్‌లోనే భాగంగా ఉంది. ఆ వాదంలో బలముంది. లోపలి ఇంటర్‌ఫేస్ ఒకదాన్ని మార్చే డెవలపర్, కెర్నల్ లోపలున్న డ్రైవర్లన్నింటినీ ఆ మార్పుకు తగ్గట్టు తానే సవరించాలి. అందువల్ల కెర్నల్‌లోకి చేరిన డ్రైవర్‌ను రాసినవారు మరో పనిలోకి వెళ్లిపోయినా అది కొత్త కెర్నళ్లతో పాటు ముందుకు సాగుతూనే ఉంటుంది. బయట ఉండిపోయిన డ్రైవర్‌కు ఆ భాగ్యం లేదు. విండోస్‌లో పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం: అక్కడ డ్రైవర్ల కోసం ప్రత్యేకంగా నిర్ణయించిన ఒక నమూనా ఏళ్ల తరబడి కొనసాగుతుంది కాబట్టి, కంపెనీ ఎప్పుడో తయారుచేసి ఇచ్చిన డ్రైవర్ తర్వాతి అప్‌డేట్ల తర్వాత కూడా సాధారణంగా పనిచేస్తుంది.

బయట ఉన్న డ్రైవర్‌ను కొత్త కెర్నల్‌కు అతికించే భారం డీకేఎంఎస్ అనే సాధనం మీద పడింది. కెర్నల్ మారిన ప్రతిసారీ అది డ్రైవర్‌లోని కెర్నల్ భాగాన్ని ఆ యంత్రం మీదే తిరిగి కంపైల్ చేస్తుంది. కెర్నల్ హెడర్ ఫైళ్లు ఇన్‌స్టాల్ కాకపోతే కంపైల్ ఆగిపోతుంది. కంపైలర్ వెర్షన్ తేడా వచ్చినా ఆగిపోవచ్చు. కొత్త కెర్నల్‌లో ఏదో ఒక ఫంక్షన్ పేరు మారితే, దానికి తగిన డ్రైవర్ విడుదలయ్యే వరకు ఆగాల్సిందే. ఆ వైఫల్యం అప్‌డేట్ సందేశాల వరదలో ఎక్కడో ఒక వాక్యంగా కొట్టుకుపోతుంది, అసలు సంగతి రీస్టార్ట్ చేశాకే తెలుస్తుంది. సంతకం లేని కోడ్‌ను అడ్డుకునే సెక్యూర్ బూట్ అమల్లో ఉన్న యంత్రంలో మరో మెట్టు అదనం: అలా కంపైల్ అయిన కెర్నల్ భాగానికి, అంటే మాడ్యూల్‌కు, యజమాని డిజిటల్ కీతో సంతకం పెట్టాలి, ఆ కీని బూట్ సమయంలో వచ్చే నీలిరంగు తెర మీద నమోదు చేయాలి. ఆ తెర ఎందుకు వచ్చిందో తెలియక దాటేసినవారికి డ్రైవర్ లోడ్ కాదు, ఎందుకు కాలేదో చెప్పేవారూ ఉండరు. లినక్స్‌ను వాడకానికి సిద్ధంగా కూర్చి ఇచ్చే ఉబుంటు వంటి పంపిణీలు ముందే కంపైల్ చేసి, సంతకం చేసిన ఎన్విడియా మాడ్యూళ్లను అందించడం మొదలుపెట్టాక ఈ బాధ కొంత తగ్గింది. ఎప్పటికప్పుడు తాజా కెర్నల్‌ను ఇచ్చే పంపిణీల్లో మాత్రం కెర్నల్ ముందు, డ్రైవర్ వెనుక నడిచే పరిస్థితి తరచూ వస్తుంది.

కంపెనీ డ్రైవర్‌కూ కెర్నల్‌కూ మధ్య లైసెన్సు గొడవ కూడా ఉంది, అది అమూర్తమైన సిద్ధాంత చర్చగా మిగలలేదు. ప్రాసెసర్‌లో ఒక చిన్న గ్రాఫిక్స్ చిప్పు, విడిగా ఒక పెద్ద ఎన్విడియా చిప్పు ఉండి, అవసరాన్ని బట్టి ఒకదాని నుంచి మరోదానికి మారే ఆప్టిమస్ ల్యాప్‌టాప్‌లు 2010 నుంచి విరివిగా వచ్చాయి. పెద్ద చిప్పు గీసిన బొమ్మను చిన్న చిప్పు ద్వారా తెర మీదకు తేవాలంటే రెండు డ్రైవర్లూ మెమరీని పంచుకోవాలి. అందుకు కెర్నల్‌లో డీఎంఏ బఫ్ అనే సదుపాయం 2012లో వచ్చింది, కానీ కెర్నల్ లాగే కోడ్‌ను తెరిచి ఉంచాలనే జీపీఎల్ లైసెన్సు ఉన్న కోడ్‌కే అది అందుబాటులో ఉంచారు. ఆ పరిమితిని సడలించాలని అదే ఏడాది ఎన్విడియా ఇంజినీర్లు కోరితే, అలన్ కాక్స్ వంటి కెర్నల్ డెవలపర్లు ఒప్పుకోలేదు. తమ కోడ్‌కు తాము పెట్టుకున్న షరతును కాపాడుకునే హక్కు వారికుంది. ఆ ల్యాప్‌టాప్ కొన్న మనిషికి మాత్రం ఈ చర్చలో చోటు లేదు, కానీ ఫలితం అతని ఒళ్లోనే పడింది. అదే ఏడాది జూన్‌లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఎన్విడియాకు మధ్యవేలు చూపించిన ఘట్టం అందరికీ గుర్తుంది. అది ఇలాంటి ఆప్టిమస్ ల్యాప్‌టాప్ గురించి వచ్చిన ప్రశ్నకు జవాబన్న సంగతి అంతగా గుర్తులేదు. ఈ లోటును పూడ్చడానికి స్వచ్ఛందంగా పుట్టిన బంబుల్‌బీ ప్రాజెక్టుకు వేరే రకమైన పేరు వచ్చింది: 2011లో దాని ఇన్‌స్టాల్ స్క్రిప్టులో పొరపాటున పడిన ఒక్క ఖాళీ వల్ల, ఒక చిన్న ఫోల్డర్‌కు బదులు యూఎస్ఆర్ డైరెక్టరీ మొత్తం తుడిచిపెట్టుకుపోయేది. కంపెనీ చేయాల్సిన పని స్క్రిప్టుల మీద పడితే ఇలాంటివీ జరుగుతాయి. ఎన్విడియా తన డ్రైవర్‌లోనే ఈ రెండు చిప్పుల మధ్య పనిని పంచే పద్ధతిని సవ్యంగా ఇచ్చేసరికి 2019 వచ్చింది.

కంపెనీ ఇవ్వకపోతే బయటివారే డ్రైవర్ రాసుకోవచ్చు కదా అన్న ప్రశ్నకు నూవో ప్రాజెక్టు చరిత్రే జవాబు. ఎన్విడియా డ్రైవర్ కార్డుతో ఏం మాట్లాడుతోందో కనిపెట్టి, ఆ సంభాషణ ఆధారంగా కార్డు పనితీరును ఊహించి రాసిన డ్రైవర్ అది. 2010లో విడుదలైన 2.6.33 వెర్షన్‌తో కెర్నల్‌లో చేరింది. తెర వెలిగించడం, కిటికీలు కదిలించడం వరకు అది చేసిన మేలు చాలా పెద్దది. కానీ 2014లో వచ్చిన జీటీఎక్స్ 900 శ్రేణి నుంచి, కంపెనీ డిజిటల్ సంతకం లేని ఫర్మ్‌వేర్‌ను కార్డు అంగీకరించడం మానేసింది. సంతకం చేసిన ఫర్మ్‌వేర్‌లో కొంత భాగాన్ని కంపెనీ ఆలస్యంగా విడుదల చేసింది గానీ, కార్డు వేగాన్ని, వోల్టేజిని, ఫ్యానును నడిపే భాగాన్ని ఇవ్వలేదు. దాంతో ఆ కార్డులు నూవో కింద బూట్ అయినప్పుడు ఉన్న అతితక్కువ వేగంలోనే ఇరుక్కుపోయాయి. బండి అమ్మి, మొదటి గేరు దాటి వేయడానికి వీల్లేకుండా కడ్డీని మాత్రం తమ దగ్గరే పెట్టుకున్నట్టు. అంత ఖరీదైన కార్డు ప్రాసెసర్‌లోని చిన్న చిప్పుకన్నా నెమ్మదిగా నడిచిన సందర్భాలకు ఇదే కారణం, ఆ డ్రైవర్ రాసినవారి అసమర్థత కాదు.

వేలాండ్ రాకతో తగవు మరో రంగంలోకి మారింది. కంపోజిటర్‌కు, డ్రైవర్‌కు మధ్య బొమ్మల బఫర్లను చేతులు మార్చడానికి మెసా వర్గం జీబీఎం అనే పద్ధతిని వాడుతుంటే, ఎన్విడియా ఈజీఎల్ స్ట్రీమ్స్ అనే మరో పద్ధతిని ప్రతిపాదించి దానినే పట్టుకుని కూర్చుంది. డెస్క్‌టాప్ ప్రాజెక్టుల్లో కొన్ని రెండింటికీ కోడ్ రాసుకున్నాయి, కొన్ని ససేమిరా అన్నాయి. చివరికి 2021లో 495 శ్రేణి డ్రైవర్‌తో ఎన్విడియా జీబీఎం వైపు వచ్చింది. ఈ విషయంలో కంపెనీది మొండితనమే. దాని తర్వాత తలెత్తిన మరో వివాదంలో మాత్రం తీర్పు అంత సులువు కాదు. ఒక బఫర్‌లో గీయడం పూర్తయిందా లేదా అన్నది లినక్స్ గ్రాఫిక్స్‌లో సంప్రదాయంగా కెర్నలే లోపాయికారీగా కనిపెట్టుకునేది. అలా కాదు, ప్రోగ్రాములే దాన్ని స్పష్టంగా చెప్పుకోవాలని ఎన్విడియా వాదించింది. వల్కన్ వంటి ఆధునిక వ్యవస్థలు నడిచే తీరును చూస్తే సాంకేతికంగా ఆ వాదనే సబబు, ఇతర డెవలపర్లూ క్రమంగా అదే అభిప్రాయానికి వచ్చారు. కానీ ఆ ఒప్పందం వేలాండ్ ప్రోటోకాల్‌గా రూపుదిద్దుకుని, 2024 మధ్యలో 555 శ్రేణి డ్రైవర్ విడుదలయ్యే వరకు, ఎన్విడియా కార్డుల మీద పాత ఎక్స్ ప్రోగ్రాములు వేలాండ్ కింద మినుకుమినుకుమంటూ, పాత ఫ్రేములను మళ్లీ చూపిస్తూ ఏళ్లు గడిచాయి. సరైన వాదన చేస్తున్నవారు కూడా, ఆ వాదన నెగ్గే వరకు తాత్కాలికంగా పనిచేసే మార్గమేదో ఇచ్చి ఉండాల్సింది.

2022 మే నెలలో పరిస్థితి మలుపు తిరిగింది. ట్యూరింగ్ శ్రేణి, అంటే 2018 నుంచి వచ్చిన కార్డుల కోసం, ఎన్విడియా తన డ్రైవర్‌లోని కెర్నల్ భాగాన్ని జీపీఎల్, ఎంఐటీ లైసెన్సుల కింద విడుదల చేసింది. 2024లో వచ్చిన 560 శ్రేణి నుంచి ఆ ఓపెన్ మాడ్యూళ్లనే ప్రధానంగా వాడుతోంది; సరికొత్త బ్లాక్‌వెల్ కార్డులకు అవి తప్పనిసరి. దీన్ని మనసు మారడంగా చదవడం తొందరపాటు. ట్యూరింగ్ నుంచి కార్డులో జీఎస్‌పీ అనే చిన్న ప్రాసెసర్ ఉంటుంది. అంతకుముందు కెర్నల్ డ్రైవర్ చేసే పనుల్లో చాలావాటిని ఇప్పుడు దాని మీద నడిచే పదుల మెగాబైట్ల ఫర్మ్‌వేర్ చేస్తోంది. రహస్యాలు కార్డు లోపలికి తరలిపోయాక బయట మిగిలిన కోడ్‌ను చూపించడం సులువైంది. మెసాకు సమానమైన పై భాగం ఇప్పటికీ మూసిన పెట్టే. అయినా దీనివల్ల జరిగిన మేలు చిన్నదేమీ కాదు. 2024 జనవరిలో వచ్చిన 6.7 కెర్నల్ నుంచి నూవో కూడా అదే ఫర్మ్‌వేర్‌తో మాట్లాడి కార్డును పూర్తి వేగంతో నడపగలుగుతోంది. దాని పైన మెసాలో ఎన్‌వీకే అనే వల్కన్ డ్రైవర్ నిలదొక్కుకుంది. రస్ట్ భాషలో రాస్తున్న నోవా అనే కొత్త డ్రైవర్ తొలి భాగం 2025లో 6.15 కెర్నల్‌లో చేరింది. వేగంలో ఇవి కంపెనీ డ్రైవర్‌ను అందుకోవడానికి ఇంకా దూరముంది.

ఏఎండీ కథ ఇందుకు ఎదురు దారిలో నడిచింది. ఆ కంపెనీ 2006లో ఏటీఐని కొన్నప్పుడు దానితో పాటు సంక్రమించిన ఎఫ్‌జీఎల్ఆర్ఎక్స్ అనే మూసిన డ్రైవర్, ఆనాటి లినక్స్ వాడుకరులకు ఒక పీడకల. 2012లో రేడియన్ హెచ్‌డీ 2000 నుంచి 4000 వరకు ఉన్న కార్డులకు ఆ డ్రైవర్‌లో మద్దతు ఆగిపోయింది, కొత్త ఎక్స్ సర్వర్లతో అది పనిచేయడం మానేసింది. కానీ 2007లోనే కార్డుల సాంకేతిక పత్రాలను బయటపెట్టడం మొదలుపెట్టడం వల్ల అప్పటికే కెర్నల్‌లో, మెసాలో ఓపెన్ డ్రైవర్ ఒకటి పెరిగి ఉంది, ఆ కార్డులను అదే ఆదుకుంది. 2015లో 4.2 కెర్నల్‌లో ఏఎండీజీపీయూ చేరడంతో కంపెనీ దారి స్థిరపడింది. మెసాలోని రాడ్‌వీ అనే వల్కన్ డ్రైవర్‌ను 2016లో ఏఎండీకి చెందని ఇద్దరు డెవలపర్లు మొదలుపెట్టారు. స్టీమ్ అనే ఆటల దుకాణాన్ని నడిపే వాల్వ్ కంపెనీ దాని మీద డబ్బు, మనుషులను పెట్టింది. కంపెనీ సొంతంగా తెచ్చిన ఏఎండీవీఎల్‌కే చివరికి 2025లో ఆగిపోయి, బయటివారు రాసిన డ్రైవరే అధికారిక దారి అయింది. ఒక కంపెనీ డ్రైవర్‌ను బయటివారి డ్రైవర్ ఓడించడం మూసిన పెట్టెలో ఊహకైనా అందని సంగతి.

అయితే కెర్నల్ లోపలికి రావడానికి చెల్లించాల్సిన మూల్యం ఒకటుంది. మానిటర్లను నడిపే తన కోడ్‌ను ఏఎండీ 2016లో కెర్నల్‌కు సమర్పించినప్పుడు అది సుమారు లక్ష వరుసలు. విండోస్‌తో పంచుకోవడానికి వీలుగా, కెర్నల్ ఇంటర్‌ఫేస్‌ల మీద మరో పొర వేసి రాసినది. అలాంటి పొరలను తీసుకోబోమని నిర్వాహకుడు డేవ్ ఎయిర్లీ ఖరాఖండిగా తిరస్కరించారు. కోడ్ నాణ్యత దృష్టితో చూస్తే ఆ నిర్ణయాన్ని తప్పుపట్టడం కష్టం. కానీ కోడ్‌ను తిరగరాసి 4.15 కెర్నల్‌లో చేర్చేసరికి 2018 జనవరి వచ్చింది. ఈలోగా 2017 ఆగస్టులో మార్కెట్లోకి వచ్చిన వేగా కార్డులను కొన్నవారి దగ్గర, అసలు కెర్నల్‌తో మానిటర్ మీద బొమ్మ చూపించలేని కార్డులు నెలల తరబడి ఉండిపోయాయి. ప్యాచ్‌లు వేసిన కెర్నలో, కంపెనీ ఇచ్చే విడి ప్యాకేజీయో వెతుక్కోవాల్సి వచ్చింది. నాణ్యతా నియమం దీర్ఘకాలంలో మేలు చేస్తుందన్నది నిజమే. ఆ దీర్ఘకాలం వచ్చే వరకు ఎదురుచూసేది నియమం పెట్టినవారు కారు.

ఇప్పటికీ విడుదలైన వారంలోనే కొన్న ఏఎండీ లేదా ఇంటెల్ కార్డు, రెండేళ్ల కిందటి స్థిర పంపిణీలో పనిచేయకపోవడం మామూలే. కెర్నల్, మెసా, ఫర్మ్‌వేర్ ఫైళ్ల ప్యాకేజీ మూడూ ఆ కార్డు పుట్టిన తర్వాతివై ఉండాలి. రెండు కొత్తవి చేసి, మూడోదాన్ని మరిచిపోయినవారికి దొరికేది ఎక్కువగా అయోమయం కలిగించే లాగ్ సందేశమే. కార్డు మధ్యలో స్తంభించిపోయినప్పుడు దాన్ని రీసెట్ చేసి, మిగతా ప్రోగ్రాములను నిలబెట్టడంలో కూడా లినక్స్ వెనుకబడే ఉంది. విండోస్‌లో తెర ఒక్క క్షణం మినుకుమని మళ్లీ వచ్చే సందర్భంలో, ఇక్కడ సెషన్ మొత్తం కుప్పకూలడం అరుదు కాదు. వేగం, ఫ్యాను, వోల్టేజి సరిచూసుకునే అధికారిక సెట్టింగుల కిటికీ ఏఎండీ, ఇంటెల్‌లకు లినక్స్‌లో లేకపోవడం దీని ముందు చిన్న లోటు, ఆ పనికి మంచి స్వచ్ఛంద సాధనాలున్నాయి.

కోడ్ తెరిచి ఉండటమే అడ్డంకి అయిన సందర్భాలూ ఉన్నాయి. హెచ్‌డీఎంఐ 2.1కు మద్దతిచ్చే కోడ్‌ను ఏఎండీ సిద్ధం చేసుకుంటే, దాన్ని ఓపెన్ సోర్స్‌గా విడుదల చేయడానికి ఆ ప్రమాణాన్ని నిర్ణయించే హెచ్‌డీఎంఐ ఫోరం ఒప్పుకోలేదని 2024 ఫిబ్రవరిలో వెల్లడైంది. కార్డు సామర్థ్యం ఉన్నా, టీవీ సామర్థ్యం ఉన్నా, మధ్యలో తీగ ఉన్నా, 4కే రిజల్యూషన్‌లో 120 హెర్ట్జ్ వేగాన్ని పూర్తి రంగుల నాణ్యతతో చూడలేని స్థితి ఆ నిర్ణయం వల్ల వచ్చిందే. ఎన్విడియా మాత్రం ఆ కోడ్‌ను ఫర్మ్‌వేర్‌లో దాచుకోవడం వల్ల ఈ చిక్కు నుంచి తప్పించుకుంది. వీడియో పేటెంట్ల విషయమూ అంతే: హెచ్264, హెచ్265 వీడియోలను కార్డు ద్వారా డీకోడ్ చేసే సదుపాయాన్ని ఫెడోరా పంపిణీ 2022లో తన మెసా ప్యాకేజీల నుంచి తీసేసింది. డ్రైవర్‌కు ఆ పని వచ్చు, కార్డుకూ వచ్చు. చట్టపరమైన జంకు వల్ల ప్యాకేజీలో లేదు, అంతే. విషయం తెలిసినవారు బయటి రిపోజిటరీ నుంచి పూర్తి ప్యాకేజీ తెచ్చుకుంటారు, తెలియనివారు వీడియో నత్తనడక నడుస్తోందని డ్రైవర్‌ను తిట్టుకుంటారు.

పెట్టె మీది పేరును నమ్మి మోసపోయిన సందర్భం ఇంటెల్ వైపు నుంచి ఒకటుంది. 2008 ప్రాంతంలో చిన్న ల్యాప్‌టాప్‌లలో వచ్చిన జీఎంఏ 500 చిప్పు పేరుకే ఇంటెల్‌ది, లోపలి గ్రాఫిక్స్ భాగం వేరే కంపెనీ రూపొందించిన పవర్‌వీఆర్. ఇంటెల్ అంటే లినక్స్‌లో దిగులు లేదనుకుని కొన్నవారికి త్రీడీ వేగం ఉన్న ఓపెన్ డ్రైవర్ ఎప్పటికీ రాలేదు. కెర్నల్‌లో చేరిన డ్రైవర్ తెర వెలిగించడం దగ్గరే ఆగింది.

కంపెనీల లెక్కలను కూడా చూడాలి. స్టీమ్ సర్వేలో లినక్స్ వాటా 2025 చివర్లో 3 శాతం దాటిందన్నదే వార్త అయిందంటే, డెస్క్‌టాప్ లినక్స్ కోసం ఇంజినీర్లను పెట్టమని మార్కెట్ ఒత్తిడి ఎంతో ఊహించవచ్చు. ఎన్విడియాకు లినక్స్ నుంచి వచ్చే ఆదాయం అపారం, కానీ అది సీయూడీఏ (ఎన్విడియా కార్డులతో భారీ లెక్కలు చేయించే ఆ కంపెనీ వ్యవస్థ) మీద నడిచే సర్వర్ల నుంచి. సర్వర్‌కు మానిటర్ ఉండదు, మూత ఉండదు, నిద్రపోయి లేచే అవసరం ఉండదు, వేలాండ్ ఉండదు. డెస్క్‌టాప్ వాడుకరిని వేధించే లోపాల్లో ఒక్కటి కూడా ఆ ఖాతాదారుల కంట పడదు. ఒకే డ్రైవర్ గురించి డేటా సెంటర్ ఇంజినీరు మెచ్చుకోవడానికి, ల్యాప్‌టాప్ యజమాని విసుక్కోవడానికి కారణం అదే. ఏఎండీ వైపు డెస్క్‌టాప్ అనుభవం మెరుగుపడటానికి, 2022లో స్టీమ్ డెక్‌ను విడుదల చేసిన వాల్వ్ లాంటి పెద్ద ఖాతాదారు ఉండటం తోడ్పడింది. చేతిలో పట్టుకుని ఆడే యంత్రం నిద్రపోయి లేవకపోతే వాల్వ్‌కు నష్టం కాబట్టి, ఆ లోపాన్ని ఎవరో ఒకరు జీతం తీసుకుని సరిచేస్తారు. ఆ సవరణ మెసాలోకి, కెర్నల్‌లోకి వెళ్లి అందరికీ అందుతుంది. కార్డులతో భారీ లెక్కలు చేయించే ఏఎండీ వ్యవస్థ అయిన ఆర్ఓసీఎంలో అధికారిక మద్దతున్న మామూలు కార్డుల జాబితా చాలాకాలం కుదించుకుపోయి ఉండటం, అలాంటి ఖాతాదారు లేనిచోట అదే కంపెనీ ఎలా ఉంటుందో చూపిస్తుంది.

కార్డు వయసు మీదపడినప్పుడు ఈ తేడాలన్నీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. 2012 ఆరంభంలో అమ్మకానికి వచ్చిన రేడియన్ హెచ్‌డీ 7970కి విండోస్‌లో కొత్త డ్రైవర్లు ఇవ్వడం ఏఎండీ 2021లో ఆపేసింది. లినక్స్‌లో మాత్రం వాల్వ్ తరఫున పనిచేసే డెవలపర్ చొరవతో, 6.19 కెర్నల్ నుంచి ఆ తరం కార్డులు పాత డ్రైవర్‌ను వదిలి ఏఎండీజీపీయూ మీద నడుస్తున్నాయి, దాంతో వల్కన్ కూడా అదనపు సెట్టింగులేమీ లేకుండానే అందుతోంది. దానికన్నా నాలుగేళ్లు చిన్నదైన ఎన్విడియా జీటీఎక్స్ 1080 పరిస్థితి వేరు. అది చెందిన పాస్కల్ తరానికి, దానికి ముందువెనుకల ఉన్న మాక్స్‌వెల్, వోల్టా తరాలకు 580 శ్రేణే చివరి డ్రైవర్, తర్వాతి 590 శ్రేణిలో వాటికి చోటు లేదు. జీఎస్‌పీ లేని కార్డు కాబట్టి ఓపెన్ మాడ్యూళ్లూ దానికి వర్తించవు, నోవా కూడా దాని కోసం కాదు. నూవో కింద మొదటి గేరే గతి.

డ్రైవర్ శ్రేణి ఆగిపోయాక కూడా స్వచ్ఛంద డెవలపర్లు చేతులు ముడుచుకుని కూర్చోరు. ఎప్పుడో మద్దతు ముగిసిన 340, 390, 470 శ్రేణులను కొత్త కెర్నళ్లతో కంపైల్ అయ్యేలా ప్యాచ్ చేస్తూనే ఉన్నారు. వారికి అందుబాటులో ఉన్నది కెర్నల్‌కు అతుక్కునే పైపొర మాత్రమే. అసలు డ్రైవర్ మూసిన బైనరీ. కాబట్టి 495లో వచ్చిన జీబీఎం 470కి ఎప్పటికీ రాదు. పాత ఎక్స్ సర్వర్ మీద నడిచే ఎక్స్11 సెషన్ ఉన్నంత కాలం ఈ లోటు అంతగా తెలియలేదు. 2025లో వచ్చిన గ్నోమ్ డెస్క్‌టాప్ 49వ వెర్షన్ ఆ సెషన్‌ను డిఫాల్ట్‌గా ఆపేసింది, మరో డెస్క్‌టాప్ అయిన ప్లాస్మా 6.8 దాన్ని పూర్తిగా వదిలేస్తుందని దాన్ని తయారుచేసే కేడీఈ ప్రకటించింది. 470 మీద ఆధారపడిన కెప్లర్ తరం కార్డుల యజమానులు ఈ డెస్క్‌టాప్‌ల కొత్త వెర్షన్లు వాడాలంటే ఇక నూవోకు మారాల్సిందే. సంతకాల నిబంధన కన్నా ముందు పుట్టిన కార్డులు కావడం వల్ల కెప్లర్ వేగాన్ని నూవోలో వాడుకరే స్వయంగా పెంచుకోవచ్చు, పాస్కల్‌కు ఆ వీలు లేదు. అంటే కంపెనీ మద్దతు ముగిశాక ఓపెన్ డ్రైవర్‌తో నడపాల్సి వస్తే, 2013 నాటి జీటీఎక్స్ 780 చేతిలో ఉన్నవారు 2016 నాటి జీటీఎక్స్ 1080 ఉన్నవారికన్నా మెరుగైన స్థితిలో ఉంటారు.